అమ్మకిచ్చేసిన మనిషి

గారెలకి పిండి రుబ్బుకుని, నూనె కాగబెట్టుకుని మొగుడి కోసం ఎదురుచూస్తున్న నాగమల్లేశ్వరికి పక్కింటి స్టెల్లా తెచ్చిన కబురు దగ్గర పోయినవారం మనం ఆగాం. కొండ మీద అమ్మవారికి ఇరుముడి ఇచ్చి, భవానీ మాల తీసేసి ఇంటికి రావలసిన హేమసుందర్ ఇబ్రహీంపట్నంలో బస్సు దిగాడు గానీ ఇంటికి రాలేదు. సరాసరి వీధి చివర మాలలు వేసే పీఠానికి వెళ్ళి పడుకున్నాడు. తెల్లారి అయ్యప్ప మాల వేసుకుంటాడట. ఎర్రబట్టలు విప్పిన మర్నాడే నల్లబట్టలన్నమాట!

మంచిదేగా, వేసుకోనీ అంటారా? ఊరంతా అదే మాట. రింగు సెంటర్లో మల్లేశ్వరి దగ్గర చేపలు బేరమాడే ఆడవాళ్ళు కూడా 'మీ ఆయన దేవుడు తల్లీ' అనకుండా సంచీ అందుకోరు. ఒకప్పుడు తాగి రోడ్డు మీద దొర్లిన మనిషి. మూడేళ్ళుగా చుక్క ముట్టలేదు. భవానీ మాల, అయ్యప్ప మాల, శివమాల, ఆంజనేయస్వామి మాల, ఒకటి తీసి ఒకటి. ఏ దీక్షా లేని వానాకాలంలో కూడా మెడలో ఉత్త తులసి పూసలు, ఒంటిపూట భోజనం, అరుగు మీద చాప. గొంతెత్తింది లేదు, చెయ్యెత్తింది లేదు. స్కూలు వ్యాను నడుపుకుంటాడు, జీతం తెచ్చి దేవుడి పటం ముందు పెడతాడు. ఆడదానికి ఇంతకంటే ఏం కావాలి?

ఏం కావాలో మల్లేశ్వరిని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేది, పిలుపు కావాలని. ఎర్రబట్టల్లో ఉన్నన్నాళ్ళూ ఆమెని 'భవానీ' అంటాడు. నల్లబట్టల్లో ఉన్నన్నాళ్ళూ 'మాతా' అంటాడు. ఏ దీక్షా లేనప్పుడు ఏ పిలుపూ లేదు, గొంతు సవరించుకుంటాడు అంతే. కట్టుకున్నవాడి చేత మాతా అనిపించుకుంటూ అన్నం వడ్డించడం ఎలా ఉంటుందో ఊరికేం తెలుసు!

అలాగని ఆమెకి భక్తి లేదనుకునేరు. శుక్రవారం అమ్మవారికి దీపం పెట్టనిదే కత్తిపీట ముట్టని మనిషి. ఆమె బాధల్లా ఆ కత్తిపీటతోనే. చేపలమ్ముకునే ఇంట్లో మాల ఎలా నిలుస్తుంది చెప్పండి? కైకలూరు నుంచి వచ్చే ఐసు పెట్టెల దగ్గర పొద్దు మొదలవుతుంది ఆమెకి. పగలంతా శీలావతులకీ బొచ్చెలకీ పొలుసు తీసి, ముక్కలు కొట్టి, ఇంటికొచ్చాక నెత్తిన నీళ్ళు పోసుకున్నా గోళ్ళ సందుల్లో నీచు వాసన పోదు. పసుపు రాసింది, నిమ్మచెక్కలు రుద్దింది, అరచేతులు మండేదాకా బట్టల సోడా కూడా పెట్టి తోమింది. మాల వేసుకున్న మనిషి కూర్చున్న చాప అంచు తగలకుండా దూరంగా తిరగడం అలవాటు చేసుకుంది. ఒకేడాది అంగడి కట్టేసి, ఇల్లంతా కడిగి, స్వాములందరికీ ఇంట్లో భిక్ష పెట్టింది. వరసలో కూర్చున్న వాళ్ళలో మొగుడూ ఒకడు. "భవానీ, ఇంకాస్త పప్పు" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

నిన్న గారెలు కాల్చింది, తినేవాడు లేడు. పళ్ళెం నిండా తీసుకెళ్ళి గోడ మీదుగా స్టెల్లాకి ఇచ్చేసింది.

ఆ గోడ సంగతి కూడా చెప్పాలి. స్టెల్లా, ఆమె మొగుడు అంతోని, ఇద్దరూ చర్చికి వెళ్ళే కేథలిక్కులు. దీపాలవేళ అయ్యేసరికి ఇద్దరూ జపమాల పట్టుకుని కూర్చుంటారు. ప్రతి జపానికీ మొదటి సగం అంతోని చెబుతాడు, మిగతా సగం స్టెల్లా అందుకుంటుంది. గోడ ఇవతల మల్లేశ్వరి కూర తరుక్కుంటూ వింటుంది. "మా ఇద్దరికీ మాటల్లేని రోజున కూడా కూర్చోవాల్సిందే అక్కా," అంది ఓసారి స్టెల్లా నవ్వుతూ. "ఆయన సగం చెప్పి ఆగితే నేను అందుకోక చస్తానా? జపం అయ్యేసరికి, నోరు ఎట్టాగూ తెరిచాం గదా అని మాట్లాడేసుకుంటాం." వాళ్ళింట్లోనూ మాలే, మా ఇంట్లోనూ మాలే, అనుకుంది మల్లేశ్వరి ఆ రోజు. అనుకుని, తరిగే వంకాయ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుంది.

ఇక ఈ వారం సంగతి.

పొద్దున్నే మల్లేశ్వరి చేపల పెట్టెల దగ్గరికి వెళ్ళలేదు. తలంటుకుంది. పెళ్ళినాటి ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఎవరైనా చూస్తే పీఠానికి దణ్ణం పెట్టుకోవడానికి వెళుతోంది అనుకునేవాళ్ళు. ఆమె వెళ్ళింది అందుకు కాదు.

గురుస్వామి కాశీరావుకి ఒక పట్టింపు ఉంది. ఇంటి ఇల్లాలు గానీ, తల్లి గానీ సెలవిస్తే తప్ప ఎవరి మెడలోనూ మాల వెయ్యడు. ఎంత పెద్దవాడు వచ్చి అడిగినా అంతే. మల్లేశ్వరి ప్రతిసారీ తలూపింది. మార్కెట్ నుంచి వస్తూ, నెత్తిన తట్టతో, నీచు తగలకూడదని పీఠం గేటు బయటే నిలబడి, దూరం నుంచే తలూపేది. ఆయనా దూరం నుంచే చెయ్యెత్తి దీవించేవాడు.

ఇవాళ గేటు దాటి లోపలికి వచ్చింది.

రేకుల షెడ్డులో పదిమందిదాకా ఉన్నారు. హేమసుందర్ తడిబట్టలతో, ఖాళీ మెడతో, మడిచిన నల్లబట్టలు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. మాల లేకుండా అతని మెడ చూసి చాలాకాలమైంది. అక్కడ చర్మం చంటిపిల్లల చర్మంలా లేతగా ఉంది. 

"రా తల్లీ," అన్నాడు కాశీరావు. "సెలవిస్తున్నావుగా?"

"ఇవ్వను స్వామీ."

శరణుఘోష చెబుతున్నవాళ్ళు ఆపేశారు. ఒకాయన "అదేంటమ్మా, అపచారం!" అన్నాడు. కాశీరావు అతనికేసి ఒక్క చూపు చూశాడు, అంతే, అతను నోరు మూసుకున్నాడు. తర్వాత ఆ ముసలి గురుస్వామి హేమసుందర్ చేతుల్లోంచి నల్లబట్టలు తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇద్దరూ అట్టా ఎనక్కి ఎళ్ళి మాట్లాడుకుని రండి. ఆలస్యమైనా ఏం పర్లేదు. అయ్యప్ప ఎక్కడికీ పోడు."

షెడ్డు వెనక కుళాయి, కొట్టిన కొబ్బరి చిప్పల గుట్ట. థర్మల్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు అక్కడినుంచి దగ్గరగా కనబడతాయి. హేమసుందర్ గోడకి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

"చెప్పండి భవానీ," అన్నాడు అలవాటు కొద్దీ.

అంతే, ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"మాల తీసేశావు గదయ్యా! నిన్ననే తీసేశావు! ఇంకా భవాని ఏంటి? నా పేరు మర్చిపోయావా? నేను నీ పెళ్ళాన్ని. మీ అమ్మ నన్ను చూడ్డానికొచ్చిన రోజు పేరు అడిగితే చెప్పాను గదా, నీకూ ఇనబడేట్టు!"

"అరవమాకు. లోపల స్వాములున్నారు."

"ఉంటే ఉండనీ. మూడేళ్ళు అరవలేదుగా. చూడు, ఇటు చూడు." రెండు అరచేతులూ అతని మొహానికి ఎదురుగా పెట్టింది. వేళ్ళ చివర్లు పగిలి, తెల్లగా పొరలు లేచి ఉన్నాయి. "నీచు వాసన నీకు పడదని ఈ చేతుల్ని ఏం చేసుకున్నానో చూడు. నా కష్టంతో నేను బతికే పని అది. ఆ పనికే సిగ్గుపడేట్టు చేశావ్ నన్ను. నేనంటే అంత రోత అయితే, ఆ మాట నోటితో చెప్పచ్చుగా? దేవుళ్ళందర్నీ అడ్డం పెట్టుకోడం దేనికి?"

హేమసుందర్ ఆ చేతులకేసి చూశాడు.  అతనికి నిజంగానే అర్థం కాలేదని ఆ మొహం చెబుతోంది.

"వాసనా?" అన్నాడు చివరికి. "చేపల వాసనకి నేను దూరం జరగటమేంటి? నేను పుట్టిందే వలల మీద. ఆ వాసన లేకపోతే నాకు నిద్రే పట్టదు. ఎవరన్నారు నీకట్టా?"

"మరెందుకు? ఇంకెందుకు?"

అతను కుళాయి తిప్పాడు, కట్టేశాడు. మళ్ళీ తిప్పాడు.

"నువ్వేగా ఇచ్చేశావ్ నన్ను."

"ఎవరికి?"

"అమ్మకి."

మల్లేశ్వరికి ముందు అర్థం కాలేదు. అమ్మ అంటే అత్తగారనుకుంది. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళు. అతను కొండవైపు తల తిప్పాకగానీ ఏ అమ్మో అర్థం కాలేదు.

"ఆ రోజు," అన్నాడు. "నీ తట్టలు తన్నేసిన మర్నాడు."

ఆ రోజు ఎవరికి గుర్తులేదు! వ్యాను తోలుకుంటూ తాగి వచ్చి, సెంటర్లో అందరి ముందూ బేరం నడుస్తుండగా ఆమె తట్టలు తన్నేశాడు. చేపలన్నీ కాలవలో పడ్డాయి. కత్తిపీట పట్టుకోబోయి అరచెయ్యి కోసుకుంది. గాజులు చిట్లాయి. మర్నాడు చేతికి కట్టుతోనే ఒంటరిగా బస్సెక్కి, కొండ ఎక్కి, వరసలో నిలబడి అమ్మవారి ఎదటికి వెళ్ళింది. ఒంటరిగానే వెళ్ళానని ఇన్నాళ్ళూ అనుకుంది.

"నీ ఎనకే వచ్చా," అన్నాడు హేమసుందర్. "తాగలా ఆ రోజు. నీ కాళ్ళు పట్టుకుందామని వచ్చా. గాజులు కొన్నా దారిలో. నీకూ నాకూ మధ్య నలుగురున్నారు వరసలో. నువ్వు పైకే అన్నావు. ఏడుస్తా అన్నావు. నాకొద్దు తల్లీ ఈ మనిషి, నా వల్ల కావట్లా, ఇతన్ని నువ్వే తీసేసుకో, నీ దగ్గరే ఉంచేసుకో అన్నావు."

అంది. ఒక్క అక్షరం తేడా లేకుండా అంది. కోసుకున్న చెయ్యి గుండెకి ఆనించుకుని, పక్కనున్నవాళ్ళు వింటారనే ఇంగితం కూడా లేకుండా అంది. అని, కిందికి దిగేసరికి సగం మర్చిపోయింది. వారంలోపు అతను మాల వేసుకుంటానంటే, తల్లి నా మొర విందని పొంగిపోయి, గేటు బయట నిలబడి మొట్టమొదటిసారి తలూపింది.

"గాజులు అమ్మకే ఇచ్చేసి దిగొచ్చా," అన్నాడు అతను. "ఆవిడ ముందు అన్నమాట ఊరికే పోద్దా? ఇచ్చేసినదాన్ని మళ్ళీ ముట్టుకుంటారా? ఆవిడ సొత్తుగా ఉండిపోవాలి గదా అనుకున్నా. ఉండిపోయా."

"ఏదో కడుపుమంటలో అన్నమాటయ్యా అది!" అంది మల్లేశ్వరి. "ఇన్నవాడివి నన్నొక్కసారి అడగచ్చుగా? మూడేళ్ళు! గుమ్మంలో పడుకున్నావు గానీ ఒక్క మాట అడగలా."

"ఏమని అడగను? నన్ను ఉంచుకో అని నిన్నడిగే మొహం నాకు ఎక్కడుంది?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతను ఒక అడుగు ముందుకు వేశాడు, ఆగిపోయాడు. మనిషిని ఎలా దగ్గరికి తీసుకోవాలో మర్చిపోయినట్టు చేతులు అలాగే గాలిలో ఉంచాడు.

"అయితే ఇంటికి పద," అంది ఆమె కళ్ళు తుడుచుకుని. "ఇచ్చింది నేనేగా. నేనే తిరిగి అడుగుతున్నా. తల్లికి నేను చెప్పుకుంటాలే."

హేమసుందర్ కదల్లేదు.

"నీకు తెలీదు. నిన్న కొండ మీద మాల తీశారా, బస్టాండు దాకా నడిచొచ్చా. దారిలో బ్రాందీ కొట్టు. కాళ్ళు వాటంతటవే ఆగినయ్. చెయ్యి జేబులోకి పోయింది. మూడేళ్ళు, అయినా నాలిక తడారిపోయింది. పరిగెత్తుకుంటా వచ్చి బస్సెక్కి ఇక్కడ పడ్డా. మెడలో పూసలుంటేనే నేను మనిషిని. అయి తీసేస్తే ఆ తట్టలు తన్నినోడు అక్కడే ఉన్నాడు, ఎక్కడికీ పోలా. వాణ్ణి ఎట్టా తీసుకురమ్మంటావు నీ ఇంటికి?"

ఇప్పుడు భయపడవలసిన వంతు మల్లేశ్వరిది. సెలవిస్తే అతను నల్లబట్టల్లో క్షేమంగా ఉంటాడు, తను ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, ఊరు దేవుడంటుంది. సెలవివ్వకపోతే ఏమవుతుందో ఆ తల్లికి కూడా తెలుసో లేదో. అరచేతి మీద పాత కోత గాటుని తనకి తెలియకుండానే వేలితో తడుముకుంది.

లోపలినుంచి కాశీరావు వచ్చి మూల మీద నిలబడ్డాడు. ఎంత విన్నాడో ఏమో, మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

"ఏమంటావు తల్లీ?"

"ఇవ్వను స్వామీ," అంది మల్లేశ్వరి.  "నాకు దేవుడొద్దు. దేవుళ్ళు ఉన్నారు చాలామంది. ఈయన నాకు మొగుడుగా కావాలి."

కాశీరావు నల్లబట్టలు చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. "సుందరం," అన్నాడు, స్వామీ అనకుండా. "ఈ బట్టలు దీపాలవేళ దాకా నా దగ్గరే ఉంటాయి. నీకు కాళ్ళు నిలవకపోతే ఇక్కడికి రా. నీకు దారి మూసెయ్యను. కానీ ముందు ఇంటికి పోయే దారి ఓసారి చూడు."

గేటు దగ్గర మల్లేశ్వరి ఆగి, "పద" అంది.

"నువ్వు పో. నేనొస్తా."

"కలిసే పోదాం."

"నువ్వు పట్టుకెళితే వచ్చినట్టు కాదు," అన్నాడు హేమసుందర్. "నా అంతట నేను రావాలి. సెంటరు మీదుగా."

సెంటరు మీదుగా అంటే ఏమిటో ఆమెకి తెలుసు. బ్రాందీ షాపు అక్కడే. వద్దనబోయింది. అతని మొహం చూసి అనలేకపోయింది.

మధ్యాహ్నం కైకలూరు సరుకులో మిగిలిన శీలావతి తెచ్చి పులుసు పెట్టింది. మూడేళ్ళలో ఆ ఇంట్లో చేప ఉడకడం అదే మొదలు. చింతపండు పిసుకుతూ, ఉప్పు చూస్తూ, మధ్యమధ్య వీధిలోకి వెళ్ళి వస్తూ ఉంది. రెండు పళ్ళేలు కడిగి పెట్టింది. పొద్దు వాలింది. అతను రాలేదు. పీఠం వైపు నుంచి శరణుఘోష వినబడుతోంది. అందులో అతని గొంతు ఉందేమోనని చెవి ఒగ్గి విన్నది, తెలియలేదు.

గోడ మీద స్టెల్లా తల కనబడింది. "అన్న వచ్చాడా అక్కా?"

"వస్తాడు."

స్టెల్లా కాస్త తటపటాయించింది. "మా ఆయన డ్యూటీ దిగి వస్తా చూశాడంట. సెంటర్లో, ఆ షాపుకి ఎదర బెంచీ మీద కూర్చునున్నాడంట. ఊరికే కూర్చునున్నాడంటక్కా. లోపలికి పోలేదంట."

"ఎప్పుడు?"

"గంటయ్యుంటది."

"సరేలే," అంది మల్లేశ్వరి. స్టెల్లా తల గోడ కిందికి దిగిపోయింది. ఆ తర్వాత మల్లేశ్వరి చేసేందుకు ఇంట్లో ఏ పనీ మిగల్లేదు. అమ్మవారి పటం ముందు దీపం వెలిగించింది. ఏం కోరుకోవాలన్నా భయం వేసి, ఏమీ కోరుకోలేదు. ఓసారి నోరు జారిన ఫలితం చాలు.

గోడ అవతల అంతోని జపం మొదలుపెట్టాడు. రోజూలాగే మొదటి సగం చెప్పి ఆగాడు. స్టెల్లా అందుకునేలోపు, ఆ కాస్త సందులో, వీధి గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడయింది.

"మల్లీ."

పటం ముందు ఉన్నచోటే నిలబడిపోయింది. మూడేళ్ళుగా దేనికోసం మొహం వాచిపోయిందో ఆ పిలుపు. పెళ్ళయిన కొత్తలో మురిపెంగా అలాగే పిలిచేవాడు. తాగి వచ్చి గుమ్మం పట్టుకుని ఊగిపోతున్నప్పుడు కూడా అలాగే పిలిచేవాడు. ఆ మురిపెం మనిషిదీ, ఈ తాగుబోతుదీ ఒకటే గొంతు. ఒక్క మాటతో వచ్చింది ఎవరో ఎలా తెలుస్తుంది? ఇల్లంతా పులుసు వాసన నిండిపోయి ఉంది, ఇంకే వాసనా ఆనడం లేదు.

గోడ అవతల స్టెల్లా తన సగం పూర్తి చేసింది. ఇవతల మల్లేశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుని, గుమ్మంవైపు నడిచింది.